మీకు తెలుసా? పాత బోన్సాయ్‌కీ కొత్త రూపు ఇవ్వొచ్చు

• బోన్సాయ్ కళాకారుడు జాన్ నాకా 1964లో ఏడు జూనిపర్ మొక్కలతో ఒక చిట్టడవిని కూర్చారు. ఒక్కో మనవడికీ మనవరాలికీ ఒక్కో చెట్టు అనుకుంటూ తర్వాత వాటిని పదకొండుకు పెంచారు. ‘గోషిన్’ అనే ఆ అడవి ఇప్పుడు వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ అర్బొరేటమ్‌లో ఉంది.

• పెద్దవంగర లాంటి మన ఊళ్లలో పాత గోడల పగుళ్లలో మొలిచే రావి, మర్రి, జువ్వి బోన్సాయ్‌కి చక్కగా పనికొస్తాయి. కొమ్మ కోస్తే పాలు కారతాయి, కానీ వెచ్చని రోజుల్లో గాయం తొందరగా మానుతుంది. అందుకే పాత తప్పును దిద్దుకోవడం వీటిలో తేలిక.

• చేయి తిరిగేకొద్దీ చూపు ఆకుల నుంచి కాండం మీదికి, వేళ్ల మీదికి మళ్లుతుంది. కుండీని కాస్త తిప్పినా, చెట్టును కొద్దిగా వంచి నాటినా కత్తెర పెట్టకుండానే రూపం మారిపోవచ్చు.

• పెద్ద కొమ్మలనూ వేళ్లనూ ఒకేసారి కత్తిరించకండి. ఒకటి చేశాక చెట్టు బాగా చిగురించేదాకా ఆగండి.

• కొమ్మలను వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగను అది బెరడులోకి దిగకముందే ముక్కలుగా కత్తిరించి తీసేయండి.