అతుకులో దాగిన ప్రతిబలం

దేశాంతరం వెళ్ళే తెలుగు కుటుంబం సామానులో ప్రెషర్ కుక్కర్ ఉండడం పరిపాటి. ఆవిరి పీడనాన్ని భరించే ఆ గిన్నెను ఒకే రేకును అచ్చులో నొక్కి తయారుచేస్తారు గనుక దాని గోడలో అతుకు ఉండదు. పరిశ్రమలలోని భారీ పీడన పాత్రలకు ఆ సౌలభ్యం లేదు. ఉక్కు పలకలను చుట్లుగా వంచి, ఒకదానిపై ఒకటి నిలిపి వెల్డింగ్ చేయక తప్పదు.

అటువంటి పాత్ర ఒకటి 1984 జూలై 23న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, రోమియోవిల్ చమురు శుద్ధి కర్మాగారంలో విరిగిపోయింది. దాని ఎత్తు 18.8 మీటర్లు, వ్యాసం 2.6 మీటర్లు, గోడ మందం 25 మిల్లీమీటర్లు. బయటకు వెలువడిన ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు అంటుకొని పేలగా 17 మంది మరణించారు. పాత్ర పైభాగం సుమారు కిలోమీటరు దూరంలో పడింది.

బాహ్యబలానికి ఎదురుగా లోహంలో పుట్టే బలాన్ని, వైశాల్యపు లెక్కన, ప్రతిబలం అంటారు. ఆ పాత్రలోని పీడనం సుమారు 1.4 మెగాపాస్కల్‌లు. దానివల్ల గోడలో చుట్టుదిశగా కలిగే ప్రతిబలం సుమారు 73 మెగాపాస్కల్‌లు. నిలువుదిశగా అందులో సగమే. అటువంటి ఉక్కు శాశ్వతంగా సాగిపోవాలంటే దాదాపు 260 కావాలి. లెక్క ప్రకారం భయపడవలసినది లేదు. అయినా పాత్ర విరిగినది నిలువుదిశ లాగుడును మాత్రమే భరించే అడ్డపు అతుకు వద్దనే!

కారణం లెక్కకు అందని ప్రతిబలం. కరిగిన అతుకు లోహం చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది; పక్కనున్న చల్లని పలక అందుకు అడ్డుపడుతుంది. ఆ పెనుగులాట, ఉక్కు సాగే హద్దుకు చేరువైన ప్రతిబలంగా అతుకులో నిలిచిపోతుంది. పాత్ర ఖాళీగా ఉన్నా అది ఉంటుంది.

లాగుడు పలుదిశలలో ఉన్నప్పుడు మరొక చిక్కు ఉంది. ఉక్కు సాగడానికి కారణం వివిధ దిశల ప్రతిబలాల మధ్య తేడాయే అని 1913లో వాన్ మీసెస్ ప్రతిపాదించిన సూత్రం చెబుతుంది. మూడు దిశల నుంచీ లాగుడు సమానమవుతున్న కొద్దీ ఆ తేడా తగ్గుతుంది. సాగే వీలులేని ఉక్కు ముందుగా హెచ్చరించకుండా గాజువలె పగులుతుంది. మందపు పలకలో పగులు మొన వద్ద ఏర్పడేది దాదాపు ఈ స్థితియే.

రోమియోవిల్‌లో దీనికి రసాయన చర్య తోడైంది. 1974లో పాత్రలోని ఒక చుట్టును మార్చి అక్కడికక్కడే వెల్డింగ్ చేశారు; ఆ తరువాత అతుకును వేడిచేయలేదు. త్వరగా చల్లారిన అతుకు పక్కభాగం గట్టిపడింది. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుముతో చర్య జరుపగా పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు ఆ గట్టి భాగంలోకి చొరబడి పగుళ్ళు పుట్టించాయి. పదేళ్ళలో అవి గోడ మందమంతటికీ దాదాపుగా వ్యాపించాయి.

దాగిన ప్రతిబలాన్ని కొలిచే ఉపాయాలున్నాయి. ఉపరితలంపై మూడు దిశలలో స్ట్రెయిన్ గేజ్‌లను అతికించి, నడుమ చిన్న రంధ్రం తొలుస్తారు. బిగువు సడలి లోహం ఎంత కదిలిందో గేజ్‌లు చెబుతాయి. తెలియవలసినవి రెండు ప్రధాన ప్రతిబలాలు, వాటి దిశ. అందుకే గేజ్‌లు మూడు. అతుకును సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వద్ద కొంతసేపు ఉంచి మెల్లగా చల్లార్చితే బిగువులో అధికభాగం తొలగి, గట్టితనమూ తగ్గుతుంది.

పీడనమాపకం ముల్లు చూపేది లోపలి పీడనాన్నే. అతుకు ఏనాడు వేసినది, తరువాత వేడిచేశారా, గట్టితనమెంత, పగుళ్ళకై వెదికారా అన్న ప్రశ్నలను మనుష్యులే అడగవలసి ఉంటుంది.