ముల్లులా కూర్చునే పురుగు ట్రీహాపర్

నల్లతుమ్మ కొమ్మల మీద, కంది మొక్కల లేత కాండాల మీద ముదురు గోధుమరంగులో, రెండు కొమ్ములతో కనిపించే సెంటీమీటరు కన్నా చిన్న పురుగులే ట్రీహాపర్లు. ఇవి మెంబ్రాసిడే కుటుంబానికి చెందినవి. పేనుబంక, పచ్చదోమల మాదిరే సూది నోటితో మొక్క రసం పీలుస్తాయి. ఈ కుటుంబంలో 3,000కు పైగా జాతులున్నాయి. మన దేశంలో తుమ్మ మీద తరచు కనబడేది ఆక్సిరాకిస్ టరాండస్, కందిని ఆశించేది ఓటినోటస్ ఒనెరాటస్. కొమ్ములను బట్టి వ్యవసాయ శాస్త్రంలో వీటిని కౌబగ్ అంటారు.

పెద్ద పురుగును పట్టించేది దాని వీపు. తల వెనుక కవచం రెండు పక్కలా కొమ్ములుగా పెరిగి, వెనక్కి మొనదేలి పొట్ట మీదుగా సాగుతుంది. పచ్చదోమకు ఇలాంటి కవచం ఉండదు. అసలు తుమ్మముళ్లు కణుపు దగ్గర జంటగా పుడతాయి. పురుగు మాత్రం కణుపుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. వేలు దగ్గరికి తెస్తే కొమ్మ అవతలికి జరుగుతుంది, ఇంకా కదిపితే చటుక్కున దూకుతుంది.

తికమక పెట్టేవి పిల్లపురుగులు. వీటికి ప్యూపా దశ లేదు. తల్లి లేత కొమ్మను చీల్చి గుడ్లు లోపల పెడుతుంది, పైకి చిన్న గాటు మాత్రమే కనిపిస్తుంది. పిల్లలకు పెద్దవాటి కవచం ఉండదు. పొట్ట చివర గొట్టంలా సాగి ఉంటుంది, చాలా జాతుల్లో వీపు మీద ముళ్లుంటాయి. అవి గుంపుగా పెరుగుతూ ఐదుసార్లు కుబుసం విడుస్తాయి. చివరి దశల్లో రెక్కల మొగ్గలు తేలతాయి, ఆఖరి కుబుసంతో పూర్తి కవచం బయటపడుతుంది. అప్పుడే వచ్చిన పెద్ద పురుగు పాలిపోయి, మెత్తగా ఉంటుంది. కాండాన్ని అంటుకున్న ఖాళీ కుబుసాలూ మంచి ఆనవాలే.

అమెరికా ఖండాల్లోని అంబోనియా క్రాసికోర్నిస్ జాతిలో తల్లి పిల్లలను వదలదు. శత్రువు వస్తే పిల్లలు కలిసికట్టుగా కొమ్మను కంపింపజేస్తాయి. ఆ ప్రకంపన అందుకుని తల్లి శత్రువును ఎదిరిస్తుంది. ఇంత చిన్న పురుగులో ఇలాంటి సంభాషణ ఉండటం నిజంగా అద్భుతం.

వెతకడానికి సులువైన దారి చీమలు. ట్రీహాపర్లు విసర్జించే తీపి జిగురు కోసం గండుచీమలు వాటి చుట్టూ తిరుగుతూ శత్రువులను తరుముతాయి. కొమ్మ మీద చీమల రాకపోకలు ఎక్కడ ఆగుతాయో అక్కడే గుంపు ఉంటుంది.

కందిలో ఉధృతి పెరిగితే కాండం మీద బెండులాంటి బుడిపెలు లేచి మొక్క నీరసిస్తుంది. నాలుగైదు పురుగులు కనిపించగానే మందు కొట్టనవసరం లేదు. గుంపు ఉన్న కొమ్మను కత్తిరించి తీసేస్తే చాలు.