నిలువ నీడ లేనివారు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దల మాట. ఇల్లు కట్టుటలోని కష్టము అందరికి తెలిసినదే. ఇల్లు లేకుండుటలోని కష్టము దినదినము మన కంటబడుచున్నను మన మనసునకు పట్టుట లేదు. రైలుస్టేషను మెట్లమీద, బస్సుల కాంప్లెక్సు అరుగులమీద, గుడి మంటపములలో, మూసిన దుకాణముల చూరుక్రింద రాత్రి ప్రొద్దుపోయిన తరువాత గోనెపట్టా పరచుకొనువారు ఎవరు? వారు అచ్చటికి ఎట్లు చేరిరి? మనము చేయుచున్న సాయము వారికి కావలసిన సాయమేనా? ఈ మూడు ప్రశ్నలను శ్రోతలతో కలిసి ఆలోచింపవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ముందుగా లెక్క చూతము. ఆరుబయట, రోడ్డుప్రక్కన, కాలిబాటలపై, సిమెంటు గొట్టములలో, వంతెనల క్రింద, మెట్లక్రింద, గుళ్ళలో, మంటపములలో, రైలు ప్లాటుఫారములపై నివసించువారిని జనాభా లెక్కలవారు ఇల్లులేనివారుగా పరిగణింతురు. పగటివేళ వారు పనికి పోవుదురు గనుక, 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి దేశమంతట వారిని లెక్కించిరి. తేలిన సంఖ్య 17 లక్షల 70 వేలకు పైబడినది. అందు 9 లక్షలకు పైగా పట్టణములలోను, 8 లక్షలకు పైగా గ్రామములలోను ఉండిరి. కావున ఇది మహానగరముల సమస్య, మనది కాదు అనుకొనుటకు వీలులేదు.

మన ఉత్తరాంధ్రమున ఈ స్థితికి చేర్చు త్రోవలు ముఖ్యముగా నాలుగు కనబడుచున్నవి.

మొదటిది వలస. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోని అనేక పల్లెలలో వర్షాధారపు సేద్యము ఒక్క పంటతో ముగియును. ఆ పిమ్మట మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసికొని కుటుంబములు విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నైకి తరలుదురు. ఊరిలో వారి ఇంటికి తాళము వేసి యుండును. పని దొరికిన చోట మాత్రము నీడ యుండదు. కట్టుచున్న మేడలోనో, దాని ప్రక్కనున్న రేకుల పాకలోనో పరుండుట పరిపాటి. ఇతరులకు ఇండ్లు కట్టు చేతులకే ఇల్లు కరవు. 2014 జూన్ 28న చెన్నై సమీపమున మౌలివాకంలో కట్టుబడిలో నున్న పదకొండంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. మృతులలో పలువురు మన రెండు జిల్లాల కూలీలు. సముద్రపు వలస మరియొక తీరు. మన తీరపు మత్స్యకారులు వేలమంది గుజరాతులోని వెరావల్ రేవునకు పోయి, నెలల తరబడి పడవలపైననే వండుకొని, పడవలపైననే పరుండి పనిచేయుదురు. 2020 మార్చిలో లాక్‌డౌను విధించినప్పుడు వారు ఆ పడవలపైననే చిక్కువడి, ఏప్రిల్ నెలాఖరు నుండి బస్సులలో స్వస్థలములకు రాగలిగిరి.

రెండవది తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. కూలిన ఇల్లు ఏడాదిలో మరల నిలువవచ్చును. కూలిన కొబ్బరిచెట్టు స్థానమున నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ నడుమ ఆదాయము లేనివాడు ఇంటి మరమ్మతునకు అప్పుచేయును. అప్పు తీర్చుటకు వలసపోవును. ఈ విధముగా రెండవ త్రోవ పోయి మొదటి దానిలో కలియును.

మూడవది వార్ధక్యము. బిడ్డలు వలస పోయిన ఇంట ముసలివారు మిగులుదురు. ఉన్న సెంటు భూమి పంపకములో పోవును. నెలకొక కొడుకు ఇంట వంతు భోజనము మొదలగును. వంతు తప్పిననాడు తల్లి గుడిమెట్లు చేరును. అడిగినచో ‘దేవుని సన్నిధిలో ఉన్నాను’ అని చెప్పునే గాని, బిడ్డల పేరు బయట పెట్టదు.

నాలుగవది మనోవ్యాధి. విజయనగరం జంక్షను హౌరా–చెన్నై మార్గమును రాయపూరు మార్గమును కలియుచోటు. మతి చలించినవాడు ఏదో రైలెక్కి ఎచ్చటనో దిగును. అతని భాష మనకు రాదు, మన భాష అతనికి రాదు. తెలియని భాషలోని మంచిమాటను సైతము పిచ్చిమాట అనుకొనుట సులభము. అతనికొరకు ఎచ్చటనో ఒక తల్లి ఎదురుచూచుచుండవచ్చును.

ఈ నలుగురిని కలిపి మనము బిచ్చగాండ్రు అనుచున్నాము. నిజమునకు వారిలో అనేకులు రెక్కలాడించి బ్రతుకువారు. మూటలు మోయుదురు, అట్టలు ఏరుదురు, హోటళ్ళలో గిన్నెలు కడుగుదురు. వారికి లేనిది కప్పు మాత్రమే కాదు, చిరునామా. చిరునామా లేనిచో కార్డు రాదు. కార్డు లేనిచో బియ్యము రాదు, పింఛను రాదు, ఇంటిస్థలమునకు దరఖాస్తు సాగదు. ఇల్లు లేనందున కాగితము లేదు, కాగితము లేనందున ఇల్లు రాదు. ఈ ముడి ఎచ్చటనో ఒకచోట విప్పినగాని తక్కిన సాయము నిలువదు.

మన ప్రాంతమున దాతృత్వమునకు కొరత లేదు. రథసప్తమినాడు అరసవల్లిలో, సిరిమానోత్సవమునాడు విజయనగరములో పెట్టుచేతులు ఎన్నియో కనబడును. అన్నదానమును మేము తక్కువ చేయుట లేదు. ఆకలిగొన్నవానికి ముందు అన్నమే. అయితే పండుగనాడు పది పొట్లములు అందినవానికి మరునాడు ఒకటియు అందదు. వానకు దాచుకొను చోటు లేదు, మందుచీటి తడిసిపోవును, కూడబెట్టిన రూకలను నిద్రలో ఎవరో కాజేయుదురు. ఈ కష్టములను అన్నపు పొట్లము తీర్చలేదు.

అందుకే ఆశ్రయగృహముల మాట వచ్చినది. 2010లో చలికి మనుషులు మరణించుచుండుట విచారించిన సుప్రీముకోర్టు, పట్టణములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇరువదినాలుగు గంటలు తెరచియుండు ఆశ్రయములు ఉండవలెనని ఆదేశించినది. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషను, లక్ష జనాభాకు నూరుమందికి చోటుండవలెననియు, మనిషికి 50 చదరపుటడుగులు తగ్గరాదనియు కొలత పెట్టినది. 2011 లెక్కల ప్రకారము విజయనగరం పట్టణ జనాభా సుమారు 2 లక్షల 28 వేలు, శ్రీకాకుళము లక్షా 26 వేలు. ఆ కొలతనుబట్టి మొదటిదానికి కనీసము రెండు, రెండవదానికి ఒకటి యుండవలెను. ఈ లెక్కను చేతబట్టుకొని తమ పురపాలక సంస్థను అడుగు హక్కు పౌరులందరికి కలదు.

ఇల్లు తెరచియున్నను కొందరు రారు. అది వారి మొండితనము కాదు. భార్యాభర్తలను వేరుచేసినచో కుటుంబము రాదు. ఊరిచివర కట్టినచో తెల్లవారుజామున కూలి అడ్డాకు చేరలేనివాడు రాడు. మూట భద్రపరచుకొనుటకు పెట్టె లేనిచో, ఆ మూటయే సర్వస్వమైన ముసలమ్మ రాదు. తలుపునకు గొళ్ళెము లేనిచో స్త్రీలు రారు. మంచి ఆశ్రయమునకు గుర్తు గోడలమీది రంగు కాదు. ఒకసారి వచ్చినవారు మరల వచ్చుటయే.

చిరునామా ముడిని విప్పు దారులు చట్టములోనే ఉన్నవి. ఇల్లులేనివాడు ఓటరుగా చేరవచ్చును. తాను పరుండుచోటును దరఖాస్తులో వ్రాసినచో, బూతు అధికారి ఒకటికి మించిన రాత్రులు అచ్చటికి వచ్చి, అతడు నిజముగా అచ్చటనే నిద్రించుచున్నాడని నిర్ధారించుకొనును. నివాసమునకు వేరు కాగితము అక్కరలేదు. రేషనుకార్డు గలవారు వలసపోయిన చోటనే బియ్యము తీసికొను ఏర్పాటు 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నడుమ ప్రయోగముగా మొదలై, తరువాత దేశమంతట వ్యాపించినది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టము క్రింద, బిడ్డలు చూడని తల్లి రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలునకు తానే అర్జీ పెట్టుకొనవచ్చును. చేతగానిచో తన తరఫున మరియొకరిచే పెట్టించవచ్చును. 2017 మానసిక ఆరోగ్య చట్టము, తిరుగాడుచున్న మనోవ్యాధిగ్రస్తుని పోలీసులు లాకప్పులో నుంచరాదనియు, 24 గంటలలోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెననియు, అతని కుటుంబమును వెదకవలెననియు శాసించినది. మన జిల్లాలకు దగ్గరనున్న ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖపట్టణమున కలదు.

అయితే ఈ దారులలో ఏదియు ఆ అరుగుమీది మనిషికి తనంతట తెలియదు. తెలియజెప్పు మనిషి కావలెను. గృహస్థులు చేయదగిన పని ఇచ్చటనే మొదలగును. ప్రతిదినము మన వీధి మలుపున కనబడు మనిషిని పేరడుగుడు, ఊరడుగుడు. ‘ఏమయ్యా’, ‘ఓయ్’ అనక, తాతా అనియో, అమ్మా అనియో పిలువుడు. ఒకనాడు చెప్పనివారు నాలుగవనాడు చెప్పుదురు. ఆ ఊరిపేరు తెలిసిన పిమ్మట, ఆ ఊరి సచివాలయమునకు ఒక మాట చేర్చుట కష్టము కాదు. వృద్ధులకొరకు 14567, బాలలకొరకు 1098, ప్రాణాపాయమున 108 అను టెలిఫోను అంకెలను గోడమీద వ్రాసియుంచుకొనుడు. వానకాలమునకు ముందు ఒక టార్పాలిను, దోమతెర ఇచ్చుట పండుగనాటి మిఠాయికంటె మేలు. ఇచ్చునప్పుడు ఫొటో తీయకుడు. బీదతనము ప్రదర్శన వస్తువు కాదు. పనిచేయించుకొన్నచో కూలి ఆనాడే, పూర్తిగా ఇచ్చుడు. ఇల్లు కట్టించువారు కట్టుబడి పనివాండ్రకు గట్టి కప్పు, మంచినీరు, మరుగుదొడ్డి ముందుగా అమర్చి, ఆ పిమ్మట పునాది త్రవ్వించుట ధర్మము.

పొట్లమిచ్చి సాగిపోయినచో ఆ దినము గడచును. పేరడిగి, ఒక కార్యాలయము వరకు తోడు నడచినచో ఒక బ్రతుకు దారికి వచ్చును. ఇందుకు ధనముకంటె ఓపిక ఎక్కువ కావలెను. నిలువ నీడ లేనివారిని నీడకు చేర్చు పని ప్రభుత్వముది; వారిని ఆ గుమ్మము వరకు నడిపించు పని మనది.