హుద్‌హుద్ తెచ్చిన కబురు

2014 అక్టోబరు 12, ఆదివారం. విజయనగరం జిల్లావాసులు ఆ తేదీని అంత తేలిగ్గా మరచిపోరు. విశాఖపట్నం దగ్గర తీరం దాటిన పెనుతుపాను మన జిల్లాలోనూ చెట్లను, కరెంటు స్తంభాలను, పూరిళ్ళను నేలమట్టం చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు, మంచినీళ్ళకు కటకట. ఆ తుపానుకు హుద్‌హుద్ అన్న పేరునిచ్చింది ఒమన్ దేశం. ఆ పేరు వినగానే మనకు మరో సంగతి గుర్తుకు రాక మానదు. దివ్యఖుర్ఆన్‌లోని అన్ నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహి) కొలువుకు సబా దేశపు కబురు మోసుకొచ్చిన పక్షి అదే గదా!

చిత్రమేమంటే, ఈ హుద్‌హుద్ కబురు కూడా మనకు ముందే అందింది. అండమాన్ వైపు పుట్టిన వాయుగుండం ఉత్తర కోస్తాకు వస్తోందని వాతావరణ శాఖ రోజుల ముందే హెచ్చరించింది. తీరగ్రామాల జనాన్ని తరలించగలిగారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకోగా, హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో మృతుల సంఖ్య వందకు లోపే ఉండిపోయింది.

ఆ రోజుల్లో మా పేటలో ఒక పెద్దాయన నమాజు ముగిశాక ఒక ప్రశ్న వేశారు. “వాన సంగతి అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలీదంటారు కదా బేటా, మరి ఈ కంప్యూటర్ల వాళ్ళకెలాగ తెలిసిపోయింది?” మేము అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాం. ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. ఇంగ్లండుకు చెందిన లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ 1910 మే 20 నాటి ఆరు గంటల వాతావరణాన్ని చేతిలెక్కలతో కట్టి చూడబోయాడు. ఆరు గంటల లెక్కకు ఆరు వారాలు పట్టింది. తీరా చూస్తే అదీ తప్పు! వాన వెలిశాక గొడుగు తెచ్చినట్లయింది. 64,000 మంది ఒకే భవనంలో కూర్చుని లెక్కలు కడితే వాతావరణంతో సమానంగా పరుగెత్తవచ్చునని 1922లో తన పుస్తకంలో ఊహించాడాయన. వేగవంతమైన కంప్యూటరు కోసం మనిషి పడే ఆరాటమంతా ఆ ఊహలోనే ఉంది. రేపటి గాలి రేపు వీచేలోగా దాని లెక్క తేలాలి.

పైగా ఈ ఆకలి తీరేది కాదు. భూమిని గళ్ళు గళ్ళుగా విభజించి ఒక్కొక్క గడికి గాలి, తేమ, వేడి లెక్కిస్తారు. గడి పొడవును సగానికి తగ్గిస్తే గళ్ళు నాలుగింతలవుతాయి. లెక్క కట్టే కాలవ్యవధినీ సగం చేయాలి గనుక పని ఎనిమిదింతలవుతుంది. 1980ల చివర మన దేశం వాతావరణం కోసం అమెరికా నుండి క్రే యంత్రాన్ని తెచ్చుకుంది. అడిగిన పెద్ద యంత్రాన్ని వాళ్ళు ఇవ్వలేదు. ఆ పట్టుదలతోనే పుణెలోని సి-డాక్ 1991లో పరమ్ 8000ను తయారు చేసింది. 2024 సెప్టెంబరులో పుణెలో ప్రారంభమైన ‘అర్క’ సామర్థ్యం సెకనుకు సుమారు 11,770 లక్షల కోట్ల లెక్కలు.

మరి వేగం ఇలా పెరుగుతూ పోతే ఏదో ఒకనాడు అగోచరం తెర తొలగిపోతుందా? ప్రతి అణువు స్థితినీ ఎరిగిన మేధకు భవిష్యత్తంతా కళ్ళెదుటే ఉంటుందని 1814లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాప్లాస్ రాశాడు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటరుకు 0.506127 అనే అంకెకు బదులు 0.506 ఇచ్చి కాఫీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కంప్యూటరు చూపిన వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టింది! అంత చిన్న తేడాకు అంత మార్పు. రెండు వారాలకు మించి ఏ రోజు వాన ఆ రోజు చెప్పడం ఎంతటి యంత్రానికైనా సాధ్యం కాదని నేటికీ శాస్త్రజ్ఞుల అంచనా.

మన పండితులు ఈ తగవును తొమ్మిది వందల ఏళ్ళ నాడే మొదలుపెట్టారు. నిప్పు తగిలితే దూది కాలడం మనం చూసే అలవాటే తప్ప తప్పనిసరి బంధం కాదని, కాల్చేది దైవాజ్ఞేనని ఇమామ్ గజాలీ వాదించారు. కార్యకారణాలను కాదంటే బుద్ధినే కాదన్నట్లని స్పెయిన్‌కు చెందిన ఇబ్నె రుష్ద్ బదులిచ్చారు. ఈ తగవులో మా మనసు చాలాకాలం ఇబ్నె రుష్ద్ వైపే మొగ్గింది. లోరెంజ్ కథ చదివాక గజాలీ గారి మాటను మరోసారి తరచి చూడవలసి వచ్చింది.

పెద్దాయన ప్రశ్నకు జవాబు మాకు అల్ ఆరాఫ్ సూరాలో దొరికింది. వానకు ముందు గాలులను శుభవార్తగా పంపేది అల్లాహ్‌యేనని అందులో ఉంది. అంటే సంకేతం ముందు వస్తుంది, దాన్ని చదవడం మన పని. సంకేతం చూసి చెప్పేది గైబ్ కాదు. లుఖ్మాన్ సూరా చివరి ఆయత్ చెప్పేది ఏ సాధనమూ అక్కర లేని సంపూర్ణ జ్ఞానాన్ని గురించి. ఒంటెను కట్టేసి ఆ తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమన్న దైవప్రవక్త (సల్లం) బోధ ఉండనే ఉంది.

అన్ నమ్ల్ సూరాలోనే వేగం ప్రస్తావన కూడా ఉంది. సబా రాణి సింహాసనాన్ని తెస్తానన్న జిన్ను, సులైమాన్ (అలైహి) కొలువు నుండి లేచేలోగా తెస్తానంది. గ్రంథజ్ఞానం గల మరొకరు రెప్పపాటులోనే తెచ్చి పెట్టారు. ప్రవక్త ఆ వేగాన్ని చూసి మురిసిపోలేదు. తాను కృతజ్ఞుడిగా ఉంటాడో లేదోనని ప్రభువు పెట్టిన పరీక్షగా భావించారు. 2024 నవంబరులో ప్రపంచంలోకెల్లా వేగవంతమైనదిగా ప్రకటించిన అమెరికా యంత్రం ఎల్ కాపిటాన్ ప్రధానంగా అణ్వాయుధాల లెక్కల కోసం కట్టినది. అదే వేగం, వేరే ఉపయోగం!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కబురు ముందే వచ్చినా ఉద్దానం కొబ్బరిచెట్లను ఎవరు ఎక్కడికి తరలించగలరు? తీరం దాటాక అది వంపు తిరిగి ఒడిశా గజపతి జిల్లా కొండల్లో కుంభవృష్టి కురిపించగా, కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు.

పుణెలో లెక్క రెప్పపాటులో తేలవచ్చు. అది భోగాపురం మండలం ముక్కాంలో ఫోను లేని ముసలమ్మ గుమ్మం దాకా చేరాలంటే మాత్రం ఇప్పటికీ మనిషి నడిచి వెళ్ళాలి. మేకను వదిలి రానని ఆమె భీష్మించుకుంటే, పక్కన కూర్చుని బ్రతిమాలాలి. మేకకూ చోటు చూడాలి.