ఆంగ్ల పెద్దమనుష్యుని ఇంటి పుస్తకశాల



1835వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మెకాలే దొర మన దేశపు విద్యనుగూర్చి ప్రభుత్వమునకు వ్రాసిన పత్రములో ఒక మాట అనెను. మంచి ఐరోపా పుస్తకశాలలోని ఒక్క అర, భారతదేశమునందును అరబ్బుదేశమునందును గల సమస్త వాఙ్మయమునకు సాటి వచ్చునట. తనకు సంస్కృతముగాని అరబ్బీగాని రాదని ఆ పత్రములోనే ఆయన ఒప్పుకొనెను. ఆ మాటకు మన పెద్దలు తగిన సమాధానము చెప్పియే యున్నారు. నేను మరల చెప్పబోను. అయితే ఆ అరలో ఏ పుస్తకము లుండెడివో, వానిని ఎవరు ఏ పనికై చదివెడివారో మనలో తెలిసినవారు తక్కువ. పొగడుటకైనను తెగడుటకైనను ముందు కంటితో చూడవలెను గదా! కావున నేడు మిమ్ములను 18వ శతాబ్దపు ఇంగ్లాండులో ఒక పల్లెటూరి భూస్వామి యింటి పుస్తకశాలలోనికి తీసికొనిపోయెదను.

జెంటిల్మన్ అనగా పెద్దమనిషి అని మనము అర్థము చెప్పికొందుము. ఆ కాలమున దాని అర్థము ఇంకొంచెము ఇరుకైనది. చేతులతో పనిచేయక, దుకాణము పెట్టక, తాతతండ్రులనాటి భూమిపై వచ్చు కౌలుసొమ్ముతో జీవించువాడే జెంటిల్మన్. వాని భూమి సాధారణముగా పెద్దకొడుకునకే చెందును. ఇల్లు, పొలము, వెండిపాత్రలు, పుస్తకములు చీలిపోక ఒకని చేతినుండి మరియొకని చేతికి వచ్చును. ఆ పుస్తకశాలలు అంతగా పెరుగుటకు విద్యాభిమానము కంటె ఈ వారసత్వపు పద్ధతియే ముఖ్యకారణమని నా అభిప్రాయము. మన యిండ్లలో పంపకముల నాడు తాటాకు గ్రంథముల గతి ఏమగునో మీరెరుగుదురు.

గదిలో అడుగిడగనే దూడతోలు అట్టలు, వానిపై బంగారు అక్షరములు కన్నులకు కట్టును. అన్నియు చదివినవే అని భ్రమపడరాదు. ఆ కాలపు పుస్తకములలో మడిచిన కాగితముల అంచులను చదువరియే కత్తితో కోసికొనవలసి యుండెడిది. అంచులు కోయని పుస్తకము ఏబదియేండ్లు అరలో నున్నను ఎవరును చదువలేదని తానే సాక్ష్యము చెప్పును. పుస్తకముల అందమును చూచి మురియుటలో శామ్యూల్ పెపీస్ అను నౌకాశాఖ ఉద్యోగికి మించినవాడు లేడు. ఆయన సరిగా 3000 పుస్తకములను 12 అద్దాల బీరువాలలో ఎత్తునుబట్టి పేర్చి, పొట్టి పుస్తకముల క్రింద చిన్న కొయ్యముక్కలు పెట్టి తలలన్నియు సమము చేసెను. పెపీస్ 1703లో మరణించెను. ఆ బీరువాలు కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలలో నేటికిని అదే వరుసలో నున్నవి.

అన్నిటికంటె ముందు ఉండవలసినది బైబిలు. 1604లో జేమ్సు రాజు ఆజ్ఞాపింపగా సుమారు 47గురు పండితులు గుంపులుగా కూడి అనువదించిన గ్రంథమది, 1611లో అచ్చయ్యెను. అందులోని ఖాళీ పుటలలో ఇంటివారి జననములు, వివాహములు, మరణములు తేదీలతో వ్రాసికొనెడివారు. మన పెద్దలు పంచాంగపు అంచున బిడ్డల తిథివార నక్షత్రములు వ్రాసికొనునట్లే అనుకొనుడు. దాని ప్రక్కనే 1662 నాటి ప్రార్థన గ్రంథము. జాన్ బనియన్ వ్రాసిన యాత్రికుని కథ మాత్రము పెద్ద యింటిలో కంటె కూలివాని గుడిసెలో ఎక్కువగా నుండెడిది. బనియన్ గిన్నెలకు మాట్లు వేయువాడు; అనుమతి లేక మతబోధ చేసినందులకు 12 ఏండ్లు చెరసాలలో నుండెను. 1678లో వెలువడిన ఆ పుస్తకమును పండితులు చాలకాలము లెక్కచేయలేదు.

ఇక భూస్వామి చేతిలో నిజముగా నలిగిన పుస్తకమేది? షేక్స్పియరు నాటకములు కావు. రిచర్డ్ బర్న్ అను పల్లెటూరి పాదిరి 1755లో ప్రకటించిన ‘జస్టిస్ ఆఫ్ ది పీస్’ అను న్యాయాధికారుల కరదీపిక. గ్రామసీమలలో చిన్న నేరములు విచారించుట, సారాయి దుకాణములకు అనుమతు లిచ్చుట, బాటలు బాగుచేయించుట, బీదలకు భరణ మేర్పరచుట — ఇవన్నియు జీతము లేని మేజిస్ట్రేటులైన ఈ భూస్వాముల పనులే. భూమిపై ఏటికి 100 పౌనుల రాబడి లేనివానికి ఆ పదవి తగదని 1732 నాటి చట్టము. న్యాయశాస్త్రము చదువనివాడు తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు, అకారాదిగా కూర్చిన ఈ పుస్తకము తీసి, దొంగతనమో తాగుబోతుతనమో చూచికొని శిక్ష వేయును. దానికి తోడుగా 1765 మొదలు 1769 వరకు నాలుగు సంపుటములుగా వెలువడిన బ్లాక్‌స్టన్ న్యాయవ్యాఖ్య యుండెడిది. మన వకీళ్లును ఎరిగిన పేరే.

ఇచ్చట ఒక్క మాట దాచకుండ చెప్పవలెను. ఆ శాసనములలో వేటచట్ట మొకటి. 1671 నుండి 1831 వరకు, తగిన భూమి రాబడి లేనివాడు తన చేనిలోని కుందేటిని సైతము వేటాడరాదు. ఆకలిచేత ఉచ్చు పన్నిన కూలివాడు ఎవని యెదుట నిలువవలెను? వేటకు హక్కుగల భూస్వామి యెదుటనే. ధర్మాసనమునందు కూర్చున్నవాడు తనకు లాభించు శాసనము చేతబట్టుకొని తీర్పు చెప్పుట ఎట్టిదో, గ్రామమున పంచాయతీలు తీర్చు మీకు నేను విప్పి చెప్ప నక్కరలేదు.

వ్యవసాయమునకును అరలో చోటుండెను. జెత్రో టల్ అను భూస్వామి 1701 ప్రాంతమున సాళ్లలో విత్తు యంత్రమును కల్పించి, 1730 తరువాత ఆ పద్ధతిని వర్ణించుచు గుఱ్ఱపు గుంటక సేద్యమును గూర్చి గ్రంథము వ్రాసెను. అదివరకు అచ్చటి రైతులు తరచుగా చేతితో వెదచల్లెడివారు. మన రాయలసీమ రైతు గొర్రుకు బిగించిన వెదురు గొట్టములగుండ సాళ్లలో విత్తుట తరతరములుగా ఎరిగినదే. అయితే వాడు పుస్తకము వ్రాయలేదు, టల్ వ్రాసెను. వ్రాసినందుననే నలుగురు చదివి, తప్పు లెంచి, యంత్రమును సవరించుకొనిరి. ఆ అర బలమంతయు నాకు ఇందులోనే కనబడుచున్నది.

లాటిను, గ్రీకు కవులు, ప్లూటార్కు వ్రాసిన వీరచరిత్రలు, గిబ్బను రోము చరిత్ర వరుసగా నుండును. బడిలో బెత్తపు దెబ్బలతో నేర్చినవి గనుక పెక్కుమంది పెద్దవారైన పిదప వానిని తాకెడివారు కారు.

జాన్సన్ నిఘంటువు మాట వేరు. శామ్యూల్ జాన్సన్ పుస్తకవిక్రేత కొడుకు, బీదవాడు. 1746లో పుస్తకవ్యాపారులతో ఒప్పందము చేసికొని, ఆరుగురు వ్రాయసకాండ్రతో మేడపైగదిలో కూర్చుండి, మూడేండ్లలో ముగింతునన్న పనిని 1755లో ముగించెను. 42 వేలకు పైగా మాటలు; వెల నాలుగున్నర పౌనులు. మొదట ఆశ చూపి తరువాత విస్మరించిన చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు, పుస్తకము వెలువడనుండగా పత్రికలో మెచ్చుకోలు వ్రాసెను. నీటిలో మునుగునప్పుడు చేయి అందీయక, ఒడ్డు చేరినపిదప సాయమునకు వచ్చువాడా పోషకుడని జాన్సన్ లేఖలో అడిగెను. పోతన తన భాగవతమును రాజుల కంకిత మీయ నొల్లడయ్యెనని చెప్పికొను మనకు ఆ లేఖ వింతగా తోపదు.

ఆ జాన్సన్ స్నేహితుడే గోల్డ్‌స్మిత్. ఇంటి అద్దె బాకీకై గృహయజమానురాలు నిర్బంధింపగా, జాన్సన్ వచ్చి అతని దగ్గర నున్న ఒక వ్రాతప్రతిని 60 పౌనులకు అమ్మి విడిపించెనట. 1766లో అచ్చయిన ఆ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రతి పుస్తకశాలకును చేరెను. దానిని చదివి, పోలికను గైకొని, ధవళేశ్వరపు మనుష్యులతోను మన ఆచారములతోను వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును వ్రాసిరి. 1880లో పుస్తకముగా వెలువడిన ఆ కథ 1887లో ఇంగ్లీషున అనువదింపబడి లండనులో అచ్చయ్యెను. మెకాలే చెప్పిన అరలోనికి గోదావరితీరపు పుస్తక మొకటి ఇట్లు ప్రవేశించెను.

ఇంటి యజమానురాలి పుస్తకము ఈ గదిలో నుండదు. వంటయింటి దగ్గర నుండును. హన్నా గ్లాస్ 1747లో తన పేరు చెప్పక, ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే ముద్రించిన వంటలపుస్తక మది. అందులో మన దేశపు కూర యొకటి కలదు. మిరియములు, ధనియములు వేయుమని చెప్పినది. చింతపండు ఊసు లేదు.

ఈ గదులు నిలిచినవా? 1870 తరువాత అమెరికా గోధుమలు పొగయోడలలో వచ్చి పడగా ధర పడిపోయెను, కౌలు తగ్గెను. వారసత్వపు వస్తువులను న్యాయస్థానపు అనుమతితో అమ్మవచ్చునని 1882లో చట్టమయ్యెను. 1894లో మరణపు పన్ను వచ్చెను. పొలము నిలుపుకొనుటకై పుస్తకములు బండ్లకెక్కెను. ఆల్తార్పు అను చోట స్పెన్సర్ ప్రభువు వంశము కూర్చిన 40 వేలకు పైగా పుస్తకములను 1892లో ఎన్రికెటా రైలాండ్స్ అను వితంతువు కొనెను. ఆమె భర్త మాంచెస్టరులో నూలుబట్టల వ్యాపారి. అనగా పాతలెక్కలో జెంటిల్మన్ కాడు. ఆ మాంచెస్టరు బట్టలు మన సాలెవారి మగ్గములను ఏమి చేసినవో వేరుగ చెప్పనేల? ఆమె భర్త పేర అచ్చట గొప్ప భవనము కట్టించి, 1900వ సంవత్సరమున పాఠకులకు తలుపులు తెరచెను. గూటెన్‌బర్గ్ అచ్చువేసిన తొలి బైబిలు ప్రతి యొకటి ఆ ప్రభువు బీరువా విడిచి వచ్చి ఇప్పుడు ఆ మందిరమున నున్నది.