కొలవని గేజ్... కొలువుకు పనికొస్తుంది!

ఆదోని పత్తికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరు. ఇక్కడ ఐటీఐ ఫిట్టరో, మెకానికల్ డిప్లొమానో, బీటెక్కో చదివి 'మన బ్రాంచికి ఈ ఊళ్లల్లో ఏముందిలే' అనుకుంటున్నారా? ఒక్కసారి జిన్నింగ్ మిల్లు లోపలికి తొంగిచూడండి. రోలర్లు, షాఫ్టులు, బేరింగులు, పుల్లీలు! సీజన్లో ఆగకుండా తిరుగుతాయి, అరుగుతాయి. షాఫ్టు పోతే కొత్తది లేత్ షాపులో తయారవ్వాల్సిందే. అలాంటి చోట చేరితే మొదటిరోజే మిషన్ మీ చేతికివ్వకపోవచ్చు. మార్కింగ్ మాత్రం చేయమనొచ్చు. అప్పుడు కావాల్సింది సర్ఫేస్ గేజ్.

చూడ్డానికి అదేమంత గొప్పగా ఉండదు. అడుగున బరువైన దిమ్మ, దానిమీద నిలువు కడ్డీ, కడ్డీకి బిగించిన మొనదేలిన స్క్రైబర్, ఎత్తును కొంచెం కొంచెంగా సర్దడానికి ఒక స్క్రూ. అంతే.

ఇంటర్వ్యూలో 'దీని లీస్ట్ కౌంట్ ఎంత?' అని అడిగితే తడబడి 0.02 మి.మీ. అనేయకండి. అది వెర్నియర్ హైట్ గేజ్‌ది. మామూలు సర్ఫేస్ గేజ్‌కు అసలు స్కేలే ఉండదు! నిలువుగా పెట్టిన స్టీల్ రూల్ నుంచో, స్లిప్ గేజుల నుంచో ఎత్తు తీసుకుని జాబ్ మీదికి చేరవేస్తుంది. అందుకే కింద ఉన్న సర్ఫేస్ ప్లేటు ఎంత సమతలంగా ఉంటే గీత అంత నమ్మకంగా వస్తుంది. ప్లేటు మీద సుత్తి, సెంటర్ పంచ్ వాడితే పెద్ద మేస్త్రీ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

ఒకే మందం ఉన్న షాఫ్టుకు రెండు చివరలా ఒకే వరుసలో కీవేలు కావాలనుకోండి. కంటి అంచనా ఇక్కడ పనిచేయదు. షాఫ్టును జత వి-బ్లాకుల మీద పెట్టి, గీత కనబడేలా మార్కింగ్ బ్లూ పూయండి. స్క్రైబర్‌ను సుమారు మధ్య ఎత్తుకు బిగించి, చివరి ముఖం మీద అడ్డంగా గీయండి. షాఫ్టును సగం చుట్టు తిప్పి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడితే అదే సెంటర్. పడకపోతే, మొనను ఆ రెండింటి మధ్యకు సర్దండి. ఇక షాఫ్టును కదలకుండా క్లాంప్ చేసి, ఆ ఎత్తు మార్చకుండా పక్కన పొడవునా గీయండి. గేజ్‌ను ప్లేటు మీద జరుపుకుంటూ రెండో చివరకు వెళ్లి అక్కడా గీయండి. రెండు కీవేల మధ్యగీతలూ ఒకే వరుసలో వచ్చేశాయి. పైసా ఖర్చయ్యే సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు!

గీత వణికిందా? స్క్రైబర్‌ను మరీ బయటికి చాచి ఉంటారు. వీలైనంత పొట్టిగా బిగించండి. ఒక్కసారే గీయండి. రెండోసారి గీస్తే రెండు గీతలవుతాయి, దేన్ని నమ్మాలో మిషన్ మీదున్నవాడికి తెలియదు.

స్క్రైబర్ తీసి డయల్ ఇండికేటర్ బిగిస్తే ఇదే పనిముట్టు తనిఖీకి పనికొస్తుంది. జాబ్ పైతలం మీద ఒక చివర సున్నా పెట్టి రెండో చివరకు జరపండి. 0.01 మి.మీ. డయల్ ముల్లు ఏడు గీతలు కదిలితే తేడా 0.07 మి.మీ. డ్రాయింగ్‌లో ఇచ్చిన హద్దు 0.05 అయితే ఆ జాబ్ పాస్ కాదు. కానీ ఆ మాట అనేముందు ప్లేటునీ, దిమ్మ అడుగునీ, జాబ్ అడుగునీ తుడిచి మళ్లీ చూడండి. జిన్నింగ్ మిల్లు పక్కన షాపైతే మరీను, ఎగిరొచ్చిన దూది పోగు ఒక్కటి అడుగున ఇరుక్కున్నా లెక్క మారిపోతుంది.

కాలేజీ వర్క్‌షాపులో ఇవన్నీ బీరువాలో ఉంటాయి. ఒక రౌండ్ బార్ ముక్క అడిగి తీసుకుని, పైన చెప్పిన సెంటర్ ఈ వారమే పట్టి చూడండి.