గర్భిణి మనసుకు బృందం తోడు

తెలుగునాట తొలి కాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. సీమంతం పేరంటాలు, తల్లి చేతి వంట, ఇరుగుపొరుగు అమ్మలక్కల పలకరింపులు వేడుకలు మాత్రమే కావు. గర్భిణి తన భయాలను నలుగురితో పంచుకొనే అవకాశాలు కూడా. అమెరికాలో నివసించే తెలుగు గర్భిణికి ఈ తోడు చాలావరకు దూరమైంది. ఇంట ఒంటరిగా ఉన్నవేళ చిన్న సందేహమే పెనుభూతమవుతుంది. ఈ లోటును కొంత తీర్చగలిగినది బృంద సహాయ పద్ధతి.

ప్రసవం గురించి కొంత బెంగ సహజమే. అయితే నిద్రలేమి, గుండెదడ, ఒకే ఆలోచన పదే పదే వేధించడం వారాల తరబడి కొనసాగి నిత్యకృత్యాలకు అడ్డు తగిలితే అది ఆందోళన రుగ్మత కావచ్చు. 2017లో ప్రచురితమైన ఒక శాస్త్రీయ సమీక్ష ప్రకారం గర్భిణులలో నూటికి సుమారు 15 మందికి ఈ రుగ్మత ఉంటుంది. దీనిని పసిగట్టడానికి వైద్యులు ‘జి.ఎ.డి.-7’ అనే ఏడు ప్రశ్నల పట్టికను వాడుతారు. గడచిన రెండు వారాల స్థితిని బట్టి ఒక్కొక్క ప్రశ్నకు 0 నుండి 3 వరకు మార్కులుంటాయి. మొత్తం 21కి 10 గాని, అంతకు మించి గాని వస్తే వివరమైన పరీక్ష అవసరం.

అమెరికాలో షారన్ షిండ్లర్ రైజింగ్ అనే నర్సు-మంత్రసాని 1990లలో ‘సెంటరింగ్ ప్రెగ్నెన్సీ’ అనే పద్ధతిని రూపొందించారు. ఇంచుమించు ఒకే సమయంలో కాన్పు కావలసిన 8 నుండి 12 మంది స్త్రీలు వలయాకారంగా కూర్చొని, వైద్య పరీక్షలతో పాటు తమ సందేహాలను చర్చించుకొంటారు. ఆందోళన కొరకు ప్రత్యేకంగా నడిపే బృందాలలో ఆలోచనలను తర్కించడం కూడా నేర్పుతారు. ‘నేను మంచి తల్లిని కాలేను’ అన్న తలంపుకు ఆధారమేమిటి, దానికి విరుద్ధమైన సాక్ష్యమేమిటి అని అందరూ కలసి పరిశీలిస్తారు. తన భయమే ఎదుటివారికీ ఉన్నదని తెలియగానే సిగ్గు తగ్గుతుంది. అయితే కష్టమైన కాన్పుల కథలు భయాన్ని పెంచవచ్చు. కనుకనే శిక్షణ పొందిన నిర్వాహకురాలు ఉండాలి.

ఆ నిర్వాహకురాలు మనోవైద్య నిపుణురాలే కానక్కరలేదు. పాకిస్థాన్‌లోని రావల్పిండిలో స్వల్పంగానైనా ఆందోళన ఉన్న సుమారు 1,200 మంది గర్భిణులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. అక్కడ సలహాలను బృందంలో కాక విడివిడిగా ఇచ్చినప్పటికీ, ఇచ్చినవారు చికిత్సానుభవం లేక, శిక్షణ మాత్రమే పొందిన యువతులు. ప్రసవానంతరం ఆరు వారాలకు సలహాలు పొందినవారిలో నూటికి 9 మందికి, పొందనివారిలో 27 మందికి తీవ్రమైన లేక మధ్యస్థమైన ఆందోళన కనిపించింది.

బృందం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. శారీరక లక్షణాలను వైద్యునికే చెప్పాలి; వాడుతున్న మందులను సొంతంగా మానరాదు. ప్రాణం తీసుకోవాలన్న తలంపు వస్తే క్షణమైనా ఆలస్యం చేయక వైద్యసహాయం పొందాలి. అమెరికాలో 2022లో తల్లుల కొరకు ఉచిత సహాయ టెలిఫోన్ ఏర్పడింది, సంఖ్య 1-833-852-6262. పండుగలకు వందలమందిని కూర్చే తెలుగు సంఘాలు నెలకొకసారి పదిమంది గర్భిణులను ఒకచోట చేర్చగలిగితే, పుట్టిల్లు కొంత దగ్గరైనట్లే.